సీసా కడిగిన నీళ్ళు

గ్రాము ఎనిమిది పౌన్లు.
రెడ్‌రూత్ ఎత్తువీధి కొట్లో
కౌంటరు వెనక, గడ్డం బ్లేడ్ల పక్కన తాళం వేసి ఉంచుతారు.
ఇంతా చేసి అగ్గిపెట్టెడు డబ్బా,
అందులో ఎవరో దువ్వెనలోంచి తీసి దాచుకున్నట్టు
చిటికెడు ఎర్ర పోగులు.

ముందు చన్నీళ్ళలో ఒక పోగు వేసి చూడమంది ఫరంగీస్.
మషద్‌లో పుట్టిన మనిషి,
డయాలసిస్ వార్డులో నాతో రాత్రి డ్యూటీ.
"వెంటనే రంగు దిగితే మొక్కజొన్న పీచు.
అసలుది బెట్టు చేస్తుంది."
గ్లాసు ముందు కూర్చున్నాను,
వానలో ట్రూరో బస్సు కోసం కూర్చున్నట్టు.
చాలాసేపటికి పోగు చివర
పసుపు కాదు, పసుపు గురించిన తలపేదో
కదిలింది.

మెంతులు నూరే కల్వం. ఎంత కడిగినా ఆ వాసన పోలేదు.
పోగులు, నాలుగు పంచదార పలుకులు.
నూరితే ఇటుకపొడి.
వేడినీళ్ళు పోస్తే బెదిరిపోతుందట,
మీద ఒక మంచుముక్క పెట్టి
పోయి తలస్నానం చేసి రమ్మంది.
తుడుచుకుంటూ వచ్చేసరికి మంచు లేదు.
సంధ్యారాగం అని రాయాలి ఇక్కడ.
ఈ ఊళ్ళో నవంబరు సంధ్య నాలుగింటికే, బూడిదరంగులో అయిపోతుంది.
అయోడిన్ రంగు.
ఆస్పత్రిదాన్ని, నాకు చేతనైన పోలిక అదే.

చిలకలూరిపేటలో మా కేసరికి రంగు
పొట్లంలో వచ్చేది, అర్ధరూపాయికి.
వేళ్ళకంటితే మూడు స్నానాలకీ వదిలేది కాదు.
పేరులోనే కూర్చున్న పువ్వుని
నువ్వెక్కడుంటావని
అన్నేళ్ళూ ఎవరమూ అడగలేదు.
మొన్న పది చుక్కలేసి కేసరి చేసి పెడితే
సుగాత్రి వాళ్ళాయన చెంచా అటూ ఇటూ తిప్పి
ఎంతో మర్యాదగా,
"రంగు వెయ్యడం మర్చిపోయారా అక్కా?"

పక్కింటి లవ్‌డే పెంగెల్లీకి ఎనభై మూడు.
వాళ్ళమ్మ ముందురోజు రాత్రే
పోగులు కప్పులో నానేసి, సాసరు బోర్లించి,
పిల్లలకందకుండా పై అరలో పెట్టేదట.
తగరం గనిలో నాన్న షిఫ్టు దిగేవేళకి
వంటిల్లంతా బన్నుల వాసన.
ఏది కొనాలన్నా "కుంకుమపువ్వంత ఖరీదు" అనేదట ఆవిడ,
కొత్త బూట్లనీ, పళ్ళ డాక్టరునీ.
ఇప్పుడు లవ్‌డే వేళ్ళు పిండి పిసకవు,
కణుపుల దగ్గర అల్లంకొమ్ముల్లా తిరిగిపోయాయి.
అందుకని పిసకడం నాది, చెప్పడం తనది.

పాత కంటిచుక్కల సీసా తీశాను,
మీద నా రాతలో "ముట్టుకోవద్దు".
"నాలుగు చుక్కలు?"
"ఇంకా."
"ఎనిమిది?"
సీసా లాక్కుంది. ఆ వేళ్ళతోనే,
మాత్రల డబ్బా మూత తీయడానికి
రోజూ నన్ను పిలిచే ఆ వేళ్ళతోనే
మూత ఊడబెరికి
మొత్తం వంచేసింది.

నేను నోరెత్తలేదు.
మనసులో మాత్రం గ్రాముల లెక్క వేశాను, అబద్ధమెందుకు.

బన్నులు చేదొచ్చాయి.
సందు మొత్తం తలెత్తి చూసేంత పసుపు, మందుచేదు.
"మా అమ్మ ఉంటే వీపు చీరేసేది,"
రెండో బన్నుకి వెన్న దట్టంగా రాస్తూ అంది.
ఎండుద్రాక్ష తగిలినచోట బాగానే ఉందని నేనన్నాను.
ఆమె నవ్వింది, గడ్డం మీద వెన్న.

రాత్రి వార్డులో గ్లౌజు తొడుక్కోబోతుంటే
నా గోళ్ళు చూసి ఫరంగీస్ గుండె పట్టుకుంది.
"ఎంత పోశావ్?"
"అంతా."
"పెళ్ళా?"
"కాదు, మంగళవారం."

తెల్లారి ఇంటికొచ్చి
ఖాళీ సీసాలో రెండు చెంచాల నీళ్ళు పోసి గిలకొట్టి
ఉడుకుతున్న అన్నంలో ఒక పక్కగా వంచాను.
గుప్పెడు మెతుకులే పసుపెక్కాయి.
ఆవకాయ కలపకముందు
ఏరుకుని ఏరుకుని
అవే తిన్నాను.