ట్రయల్

బండి అప్పజెప్పే ముందు
గుట్టలెక్కిచ్చి చూడాలె అన్నడు లింబాద్రి.
ఎత్తు మీద గాని తెల్వదట
ఏ బోల్టు ఏమని మూలుగుతదో.

ఆరు నెలలు కాటేదాన్ షెడ్డుల
పాత స్కూలు బస్సును కోసి, అతికి
ఇల్లు చేసినం.
వెల్డింగు ఆయనది, రంగులు ఖలీల్ భాయ్‌వి,
కుట్టుపని నాది.
పరుపుల గలీబులు, కిటికీ పరదలు,
సీటు కింద ఎవ్వలు చూడని మడతకు గూడ
రెండు వరుసల కుట్టు.

చీకట్లనే ఎల్లినం.
అత్తాపూర్ ఇడ్లీ బండి పొయ్యి ఇంకా అంటుకోలే.
లంగర్‌హౌజ్ దాటినంక
రుత్విక వెనక మంచం మీద బోర్లపడుకొని
అద్దంలకెళ్లి పట్నం చిన్నగయ్యేది చూస్తున్నది.
"అమ్మా, ఇల్లే పోతున్నది గద,
మనం ఇంట్ల ఉన్నట్టా, ఇల్లు ఇడిసినట్టా?"
మొయినాబాద్ దాక ఆలోచించిన.
తర్వాత టీ తాగినం.

పరుపు మీది ప్లాస్టిక్ కవరు తియ్యలే,
కోకాపేట సారు కొత్తగ చూసుకోవాలె.
అందుకే మేం కదిలినప్పుడల్లా కరకర,
దొంగతనంగ మురుకులు తిన్నట్టు.
చేవెళ్లల కిలో టమాట తీసుకున్న.
"స్టవ్వు గూడ చెక్ చెయ్యాలె" అన్నడు లింబాద్రి
రోడ్డు మీదికెళ్లి కన్ను తియ్యకుంట.
మీసంల నవ్వు మాత్రం దాగలే.

మన్నెగూడ, వికారాబాద్,
ఇగ అనంతగిరి మలుపులు.
గేరు మారితే చాలు
మూడో అల్మారి నోరు తెరుస్తది,
గిన్నెలన్ని ఒక్కసారి మాట్లాడుతయి.
రుత్విక జడ రిబ్బను ఇప్పి
దాని మూతి కట్టేసింది.
ఒక జడతోటి గుట్టెక్కింది నా బిడ్డ.

పైన పొగమంచు, టేకు చెట్లు,
ఎన్నడు పేరడగని పిట్టలు.
సీతాఫలాలమ్మే పెద్దమ్మ
రాయి సందుల ఊరే నీళ్లు చూపిచ్చి
"గిదే మూసీ" అన్నది,
చంటిదాన్ని చూపిచ్చినట్టు.
"మన మూసీనా? వాసనొచ్చేదా?"
రుత్విక దోసిలి పట్టింది.
ఆ చెయ్యి పట్టుకుందామని లేసిన.
పట్టుకోలే.

మూసానగర్ల మా గోడ మీద
నీళ్ల గీత ఇంకా ఉన్నది, నా బుజం ఎత్తుల.
ఆ రాత్రి మంచం లేసింది,
బియ్యం డబ్బ లేసింది,
సిలిండరు తలుపుకు టకటక కొట్టింది
బయటికి పోనియ్యుమన్నట్టు.
ఇల్లు పోవుడంటే ఏందో మాకు తెల్సు.
కాకపోతే ఆ దినం
స్టీరింగు మా చేతుల లేకుండె.

గీ పిల్ల నీళ్లేనా, అంత పెద్దగై
మా ఇంటికొచ్చింది?
పొద్దటిసంది దానికెదురుగనే నడిచినమని
అప్పుడు గాని సోయిల పడలే.

బండి నీడల కూసొని
టమాట కూర, చల్లారిన అన్నం తిన్నం.
లింబాద్రి కొత్త ఇంటోని తీరు
కాళ్లు జాపి కునికిండు,
పావుగంట.
నేను లేపలే.

వాపసొస్తుంటే అప్ప జంక్షన్ల గంట ఆగినం.
కార్లోళ్లందరు మా పరదల దిక్కే చూస్తున్నరు.
నేను గూడ చూసిన:
ఎడమది రెండించులు పొట్టి.
లింబాద్రి డైరీల రాయించిండు,
"అల్మారి కొక్కెం వదులు,
వాటర్ ట్యాంకు మూత చప్పుడు,
ఎడమ పరద.
ఇంకేమన్న?"
ఇంకేం లేదన్న.

రాత్రి బట్ట పెట్టి తుడిసినం.
మా కాళ్ల మట్టి, టమాట గింజ,
సీతాఫలం తోలు,
స్టవ్వు మీది పసుపు మరక.
మేం రానట్టే చేసినం.
తెల్లారి పరద సవరిచ్చిన, కొక్కెం మారింది,
రిబ్బను జడకొచ్చింది.
మాపటికి బండి కోకాపేట పోయింది.

అన్నం తినేటప్పుడు చెప్పింది రుత్విక,
గుట్ట మీది నీళ్ల సీసా
బండి ఫ్రిజ్‌ల ఉన్నదని.
మర్సినవా, పెట్టినవా అంటే
పప్పు కలుపుకుంట కూసున్నది.

సారుకు ఫోన్ చెయ్యాలె.
మూడు దినాలాయె,
ఇంకా చెయ్యలే.