టేపు రెండో వైపు

కరెంటు పోయిన మధ్యాహ్నం
నర్సమ్మ దైవమణి కొట్టు మెట్లెక్కింది.
"సాయిబు బాబాయ్, నీ టేపు గంటసేపు ఇస్తావా?
పిడికిలి బలం చూసే మిషను
అమలాపురంలోనే ఆగిపోయింది."
ఇచ్చాను. వెనకే నేనూ వెళ్లాను,
నలభై రెండేళ్లుగా నా మెడ దిగని టేపు అది.

కాలవగట్టు మీద ఆసుపత్రి వరండా.
చేతులు గుండెల మీద కట్టుకుని
ఐదుసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవాలి,
పన్నెండు లెక్కపెట్టేలోగా.
పెచ్చెట్టి అన్నవరమ్మ మూడోసారికి
"పెళ్లిచూపుల్లో కూడా ఇన్నిసార్లు లేపలేదే" అంది.
అందరం నవ్వాం.
నాలుగోసారి ఆవిడ లేవలేదు,
నవ్వుతూనే ఉండిపోయింది.

తరవాత దింపు బుల్లబ్బాయి.
రోజుకి నలభై కొబ్బరి చెట్లెక్కిన మనిషి.
పంచె ఎగ్గట్టి పిక్క చూపించాడు:
"చుట్టండి. టేపు సరిపోదేమో, ఆయ్!"

దైవమణి టేపు తిరగేసింది,
సెంటీమీటర్ల వైపుకి.
అల్లా తోడు, అటువైపు నేనెప్పుడూ చదవలేదు.
ముప్పై ఒకటి.
మగవాళ్లకి ముప్పై నాలుగు ఉండాలంటుంది గోడ మీద కాగితం.

"టేపు లేనిరోజు ఇలా చూసుకో తాతా" అని
రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు కలిపి
పిక్క లావైనచోట ఉంగరంలా చుట్టించింది.
వేళ్లు కలిశాయి. సందు మిగిలింది.
చెవి మీది బీడీ తీసి
ఆ సందులో దూర్చి చూశాడు.
పట్టింది.
ఎవరం నవ్వలేదు.

రాత్రి నా పాత బౌండు పుస్తకం తీశాను.
తొంభై ఆరు తుపాను తరవాత,
కూలిన తోటలు నరికిన కూలితో
కుట్టించుకున్న నిక్కరు: తొడ ఇరవై రెండు.
మొన్న ఉగాదికి: పద్దెనిమిదిన్నర.
ఆ రోజు నేననుకున్నది
కళ్లజోడు మార్చాలని.
మిగిలిన గుడ్డముక్కతో
గుండీల సంచీ కుట్టుకున్నాను.
ఇదిగో, ఇక్కడే వేలాడుతోంది.

నా పుస్తకానికి అన్నీ తెలుసు.
నేనే, అంగుళాలు తప్ప అడగలేదు.

రోజుకో గుడ్డు, గుప్పెడు శనగలు,
పొద్దుటా సాయంత్రం పదేసిసార్లు
కుర్చీలోంచి లేవడం: దైవమణి చెప్పిన మందు.
లక్షవారం బుల్లబ్బాయి గుడ్డ తెచ్చాడు.
"కాస్త లూజుగా కుట్టు సాయిబూ,
పూడుద్ది."

పూడుద్దో లేదో.
ఎదిగే పిల్లల లాగులకి వదిలినట్టు
కుట్టు లోపల
అంగుళంన్నర మడిచి పెట్టాను.