ఏడో డబ్బా

తాటిపాక సెంటర్లో టీకొట్టు బల్ల మీద
మళ్ళీ అదే తగువు:
డెబ్భైల్లో ఆడిన దెయ్యాల బొమ్మల్లో
ఏది గొప్పదని.

బుల్లెబ్బాయికి పాడుబడ్డ బంగళా బొమ్మ,
మేడమెట్ల మీద ఎక్కడమే తప్ప
దిగడం లేని తడి పాదాలు.
అబ్బులికి అరవంలోంచి డబ్బింగైన నల్లపిల్లి.
"అది ఏడిచిన ఏడుపుకి మా బావ
నేల టిక్కెట్టులోంచి కుర్చీల్లోకి దూకేశాడండీ, ఆయ్!
మేనేజరు పట్టుకుని తేడా డబ్బులు కట్టించుకున్నాడు."
మేరీరత్నం గారు మాత్రం పకోడీ తుంచుతూ,
"బొమ్మలో ఏవుందర్రా!
జనరేటరు ఆగిపోయిన ఆ రాత్రి
ఆడాళ్ళ వైపు కట్టిన గోనెపట్టా వెనక ఎవరో నవ్వారు.
అది ఏ బొమ్మలోదీ కాదు" అంటుంది.

"ఏసుపాదం, నువ్వు చెప్పవోయ్,
నీకన్నా ఎక్కువ చూసినోడెవడు?"

నేను టీ ఊదుకుంటాను.
ఒక్క బొమ్మా పూర్తిగా చూళ్ళేదు నేను.

ప్రింటు ఒకటి, ఊళ్ళు రెండు.
రాజోల్లో తొమ్మిదింటికి, మలికిపురంలో పదింటికి.
మధ్యలో నా అద్దె సైకిలు,
క్యారేజీకి పాత ట్యూబుతో బిగించిన రేకు డబ్బాలు.
రాజోలు భయపడ్డం అయిపోగానే
ఆ భయాన్ని నేను మలికిపురం మొయ్యాలి.
ట్రిప్పుకి అర్ధరూపాయి.

తలుపు కిర్రుమనడం నాకు తెలుసు.
తలుపు వెనకేముందో మలికిపురానికి తెలుసు.

కాలవగట్టు. ఎక్కడో కొబ్బరిమట్ట ధబ్బుమని రాలడం.
వెనక డబ్బాలో చుట్ట చుట్టుకుని ఆవిడ.
భయమేసి ఆగితే డైనమో లైటు ఆరిపోయేది.
భయమేసి తొక్కితే వెలిగేది.
అలా పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి
నా భయంతో నేనే దారి చూసుకున్నాను.

కార్తీకంలో ఒక రాత్రి శివకోడు దాటాక పంచరు.
డబ్బా మీద సుద్దతో ఏడు.
ఏడులోనే ఆవిడ మొహం చూపిస్తారని
చూసినవాళ్ళందరూ చెప్పారు.
అక్కడ నాలుగొందలమంది తెల్లటి గుడ్డ వైపు చూస్తున్నారు.
ఇక్కడ తూము దగ్గర
రొయ్యలకి మావులు పెట్టి ఒక ముసలాయన, ఒక లాంతరు.

మూత తీశాను.
పులిసిన కల్లులాంటి వాసన.
రీలు కొస లాగి లాంతరుకి అడ్డం పెడితే
బొటనవేలి గోరంత మనిషి.
తెల్లచీర. విరబోసిన జుట్టు. నోరు కొంచెం తెరిచి,
కింద గడిలో ఇంకొంచెం,
దాని కింద ఇంకొంచెం.
అరుపు ఆ నోట్లో లేదు.
పక్కన అంచు వెంబడి
వణికే సన్నటి గీతలో ఉంది.
లాంతరుకి ఆ గీత చదవడం రాదు.

ముసలాయన కళ్ళు చికిలించి చూశాడు.
"ఎవరి పిల్లరా? తల తడిగా ఉంది,
పడిశెం పట్టుద్ది."

ఇంకా లాగాను, లాగకూడదని తెలిసీ.
అరుపయిపోయాక, కత్తిరించడం మర్చిపోయారేమో,
ఓ నాలుగు గళ్ళు మిగిలిపోయాయి.
నోరు మూసేసింది.
కెమెరా పక్కన ఎవరివైపో చూస్తోంది,
'చాలాండీ?' అన్నట్టు.

చుట్టాను. మూత పెట్టాను.
సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను, లైటు లేకుండా.
దార్లో ఒకసారి క్యారేజీ మీద చెయ్యేసి చూశాను,
ముడి వదులైందేమోనని.

ముప్పావుగంట ఆలస్యం.
మేనేజరు చెంప మీద ఒకటిచ్చాడు.
గుడారం బయట, సోడాబండి పక్కన నిలబడి విన్నాను.
ఏడో డబ్బా తిరిగింది.
నాలుగొందల గొంతులు ఒక్కసారి.
ఆ గోలలో ఆ నాలుగు గళ్ళు
ఎప్పుడు జారిపోయాయో ఎవరూ చూసుండరు.

"చెప్పవేం? ఏ బొమ్మ?"
"తెల్లచీర పిల్లది."
"అన్నిట్లోనూ తెల్లచీరే కదయ్యా! పేరేంటి ఆ పిల్ల?"

పేర్లు ఒకటో డబ్బాలో ఉంటాయండి.
అది తిరిగేటప్పుడు నేనెప్పుడూ
గుడారం బయట
చెయినుకి నూనె రాసుకుంటున్నాను.