లాభం, రెండు, మూడు

గుంటూరు మిర్చి యార్డులో ఎవరూ ఒకటి అనరు.
మొదటి టిక్కీ కాటా ఎక్కగానే
ముఠా మేస్త్రి దావీదు గొంతెత్తి
"లాభం" అంటాడు.
తర్వాతే రెండు, మూడు, నాలుగు.

ముక్కుకి తువ్వాలు కట్టుకుని
పోలిశెట్టి వారి కమీషన్ కొట్టులో
నేను సీ భాషలో ఇంకో కాటా రాస్తున్నాను.
పాత కంప్యూటర్, నల్ల తెర,
మౌస్ తీగని నిజం ఎలకలే కొరికేశాయి.
అంచేత చెప్పాల్సిందంతా ఒక్క వరసలో,
ఎంటర్ నొక్కేలోపే చెప్పేయాలి:
కాటా, గీత బి, నలభై, రైతు పేరు.

మెయిన్ గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉంటారు.
ఎన్ని వచ్చాయో చెప్పేది ఆర్గ్‌సీ,
ఏమేం వచ్చాయో చూపేది ఆర్గ్‌వీ.
సున్నా గదిలో సరుకుండదు.
ప్రోగ్రాం తన పేరే అందులో పెట్టుకుని కూర్చుంటుంది,
లెక్కలో మాత్రం తనూ ఒకటి.
ఇదేదో వింతలా దావీదుకి చెప్పబోతే
"కొత్తేముందమ్మా, అది మీ లాభం" అన్నాడు.

మొదటి రోజు బానే నడిచింది.
రెండో రోజు కారంపూడి నుంచి
షేక్ నాగుల్ మీరా వచ్చాడు,
నలభై టిక్కీల తేజ, రాత్రంతా లారీ మీద.
గుమాస్తా కోటిలింగం ఒంటివేలితో కొట్టాడు.
ఖాళీ కనబడిన చోటల్లా షెల్ కత్తిరించింది.
షేక్ ఒకడు, నాగుల్ ఒకడు, మీరా ఒకడు.
నా ప్రోగ్రాం ముందున్నవాడినే రైతనుకుంది.
పట్టీ మీద ఉత్త "షేక్" అని అచ్చయింది.
యార్డులో ఆ పూట ఎంతమంది షేకులో!

అంతటితో పోయినా బావుండేది.
నలభైలో సున్నాకి బదులు
కోటిలింగం ఇంగ్లీషు ఓ కొట్టాడు.
రెండూ గుండ్రమే,
ఆయన కళ్లజోడుకి రెండూ ఒకటే.
ఏటాయ్ ఉందే, మహా మొహమాటస్తురాలు.
నాలుగు దాకా చదివింది, పక్కది అర్థం కాలేదు,
కాలేదని నోరు తెరిచి అనలేదు.
నాలుగు అని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నాగుల్ మీరా పట్టీని వెలుగుకి పట్టి చూశాడు.
అరవలేదు.
"పేరు సగం పోతే సర్దుకుంటానమ్మా,
ముప్పయ్యారు టిక్కీలు ఎటు పోయినయ్?"

దావీదు నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.
సుద్దముక్క గీతలు, అయిదేసి కట్టలు, ఎనిమిది.
"ఇదిగో, ఈ మొదటిది లాభానిది.
దాన్ని వదిలేసి లెక్కపెట్టకు."

ఆ రాత్రి తుమ్ముకుంటూ తిరగరాశాను.
ఏటాయ్‌ని పంపేసి స్ట్ర్‌టోల్‌ని పెట్టుకున్నా.
అది చదివినంత చదివి
ఎక్కడ ఆగిందో అక్కడ వేలు పెట్టి చూపిస్తుంది.
వేలు కింద ఇంకా ఏదైనా మిగిలుంటే
పట్టీ అచ్చు కాదు.
పేరుకి అటూ ఇటూ కొటేషన్లు,
గోతం నోరు పురికొసతో కుట్టినట్టు.
తరుగు రెండు కిలోలని మైనస్ రెండు కొడితే
గెటాప్ట్ అదేదో కొత్త ఆజ్ఞ అనుకుని బెదిరేది.
ముందు రెండు గీతలు పెట్టించాను:
ఇక్కణ్ణుంచి వచ్చేది ఆజ్ఞ కాదు, సరుకు.

కోటిలింగాన్ని ఏమీ అనలేదు.
ఆయన వేలు ఆయనకి తెలిసినంత కొట్టింది.
గుమ్మంలో కూర్చుని
వచ్చినవాళ్ల మొహం చూడనిది నేను.

ఆర్గ్‌వీ చివర్న ఇంకో గది ఉంటుంది, నల్.
అందులో ఏమీ ఉండదు.
ఇక ఏమీ లేదని తెలియడానికే ఆ గది.
మర్నాడు తిరిగి తూచాం, లాభం నుంచి నలభై దాకా.
ఆఖర్న దావీదు ఒట్టి గోతం ఒకటి తిరగేసి దులిపాడు.
ఏమీ రాలలేదు,
కాస్త ఘాటు తప్ప.
నాగుల్ మీరా తుమ్మాడు, తర్వాత నేను.