కాజా దారం

ముల్లుకి ఈక కట్టేదానికి
చెంగల్రాయన్న కాజా దారమే వాడతాడు.
నారింజ రంగు, రెండు పోగులు, తేనెమైనం పూసి.
పుంజు మెడ మీది ఈకే కావాల.
తోక ఈక నీళ్లల్లో బతకదు, అంటాడు.

రేణిగుంట స్టేషన్ ఎదురు సందులో ఆయన మిషను.
నాకప్పుడు పదమూడు.
రోజుకు నలభై కాజాలు. ఆదివారం మాత్రం
ఆయన సైకిలు క్యారేజీ మీద
వెదురు బెత్తం పట్టుకుని మల్లెమడుగుకి.

ఎర్రలు గుచ్చడు. బెండు కట్టడు.
లోకోషెడ్డు డ్రైవరు డిక్రూజ్ దొర నేర్పిన విద్యంట,
కోటు కుట్టిన కూలికి బదులుగా.
ఊటీ చన్నీళ్లల్లో ట్రౌటని ఒక చేప ఉందంట,
ఒంటి నిండా చుక్కలు, చీటిగుడ్డ మాదిరి.
ఈగ వాలిందనుకుని ఎగిరి ఈకను మింగతాదంట.
మన ఎండకి గంట కూడా బతకదులే, అంటానే
ఆ చేపను ఒక్కసారీ చూడకుండా
ముప్పై ఏండ్లు దానికోసం ఈకలు కట్టినాడు.
వాటిని కొరమీన్లు కొరికినాయి.

"విసిరేది కాదు మే, పరిచేది.
గుడ్డ మీద టేపు పడినట్టు పడాల."
నా దారం తుమ్మకొమ్మల్లో చిక్కుకునేది,
నా జడలో, ఒకసారి ఆయన చొక్కా కాలర్లో.
ఆయన దారం గాలిలో ఒక సున్నా చుట్టి
మెల్లంగా ఒరిగి
నీళ్లకు తెలియకుండా నీళ్ల మీద.

తొలివానలు పడిన వారం.
తుంగ పక్కన ఎవరో గుప్పెడు కుంకం చల్లినట్టు
నీళ్లు ఎర్రగా కుతకుతలాడినాయి.
దగ్గరికి పోతే కుంకం కాదు, పిల్లలు.
గోటంత లేదు ఒక్కొక్కటి, వెయ్యో రెండు వేలో,
గాలికోసం అన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి.
ఆయన బీడీ ముట్టించుకోను కట్టెక్కినాడు.
నేను పరిచినాను.
పుట్టినాక మొదటిసారి సరిగ్గా,
కుంకం నడిమధ్యన.

ఆ దెబ్బ ఆకలిది కాదు. ఆకలి నాకు తెలుసు,
అది అంత గట్టిగా కొట్టదు.
వెదురు విల్లయింది. అరిచినాను. లాగినాను.
మోచేతంత ఒళ్లు, నల్లటి వీపు, పాము తల,
బురదలో పొర్లతా, నన్ను చూస్తా.
తల్లో తండ్రో. కొరమీన్లల్లో
ఇద్దరూ కాపలా ఉంటారని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆయన పరిగెత్తుకుంటా వచ్చినాడు. తిట్టలేదు.
నోట్లో వేలు పెట్టి ముల్లు తిప్పి తీసినాడు,
తప్పు పడిన కుట్టు విప్పినట్టు, గుడ్డ చినగకుండా.
నీళ్లల్లోకి దించి రెండు చేతుల మధ్య పట్టుకుని
అది కదిలేదాకా మోకాళ్ల మీద కూర్చున్నాడు.
రెండు నిమిషాలేమో.

ఆ రెండు నిమిషాల్లో జిలేబీ చేపలు వచ్చినాయి.
తుంగ పక్కన టపటపా, టపటపా.
కుంకం చెదిరింది. పల్చబడింది.
పిడికెడు మిగిలిందో లేదో.
ఆ పిడికెడు కిందికి అది తిరిగి చేరిందని
ఇప్పటికీ అనుకుంటాను. చూడలేదు.

కరకంబాడి ఎత్తులో సైకిలు దిగి నడుస్తా
ఒక్క మాటన్నాడు:
"చెయ్యి కుదిరింది మే నీకు."
మెప్పో, మరేమో.

ఇప్పుడు ఆ మిషను నాది.
సూదుల డబ్బా అడుగున మొన్న ఒకటి దొరికింది.
ఈకను సగం పురుగు తినింది, ముల్లు తుప్పు,
దారం మాత్రం ఇంకా నారింజే.
తొలివానలకి అంగడి మూసి మల్లెమడుగుకి పోతాను.
ఎర్ర నీళ్లు కనిపిస్తే వాటికి దూరంగా నిలబడి
చుట్టూ తిరిగే జిలేబీలనే
ఒక్కొక్కటిగా ఏరి పడతాను.
పులుసుకి అంత రుచి ఉండవు.
లేకపోతే మానె.