నేల మార్చినవాళ్ళు

త్సుబామె ఊళ్ళో చెంచాల కార్ఖానా.
నవంబరు వాన.
అటు జర్మనీ వాళ్ళు ముగ్గురు, ఇటు వీళ్ళు నలుగురు,
మధ్యన నేను, దుబాసీని.
బల్ల మీద ఎనిమిది కప్పుల టీ.
నాది ఎప్పుడూ చల్లారాకే నోటికందుతుంది.

"వయసు మళ్ళిన పనివాళ్ళని మీరేం చేస్తారు?"
అడిగింది హెడ్విగ్ లోరెంట్స్,
కెమ్నిట్స్‌లో గేర్లు చేసే ఫ్యాక్టరీ మేనేజరు.
జపనీసులోకి దించుతుంటే
ఆ "ఏం చేస్తారు" గొంతుకి అడ్డం పడింది.
పాత బీరువా గురించీ ఇలాగే అడుగుతాం.

సిబ్బంది వ్యవహారాల కువబారా లేచి నిలబడ్డాడు.
అరవై నిండిన సాయంత్రం పూలగుత్తి ఇస్తాం,
ఫోటో తీస్తాం.
మర్నాడు పొద్దున్నే మళ్ళీ చేర్చుకుంటాం.
అదే మిషను, అదే స్టూలు, అవే చెంచాలు.
జీతం వందకి అరవై.
టోపీ ఒక్కటే, నీలం పోయి బూడిదరంగు.

"టోపీ దేనికి?"
"బరువులెత్తమని ఎవరూ పొరపాటున చెప్పకుండా."
రెండు వైపులా ఒకే గొంతుతో అందించాను.
గొంతు మార్చకపోవడమే నా ఉద్యోగం.

ఎవరో కొరియా ఊసెత్తారు:
అక్కడి శాఖలో జీతానికి ఒక శిఖరం ఉంటుందట,
అది దాటాక ఏటికేడాది దిగుడే,
మనిషి మాత్రం అదే మెట్టు మీద.
అందరూ రాసుకున్నారు.

పాలిషింగ్ షెడ్డులో
హిరసావా ఇసోకిచి, అరవై ఏడు, బూడిద టోపీ,
చెంచా కడుపులో తలకిందులైన తన మొహం చూసుకుని
కుర్రాడి చేతిలో పెట్టాడు.
వియత్నాం నుంచి వచ్చిన కుర్రాడు, పేరు ఖ్వే.
"కంటితో కాదు. చక్రం అరుపు మారుతుంది, విను."
ఈ పాఠానికి జీతంలో గడి లేదని
కువబారా చెప్పలేదు, ఎవరూ అడగలేదు కనక.

లోరెంట్స్ తన టాబ్లెట్ చూపించింది, కాస్త గర్వంగానే.
సిమెంటు నేల తీసేసి చెక్క పరిచాం,
బల్లలు మనిషి ఎత్తుని బట్టి లేస్తాయి, దిగుతాయి,
మోకాళ్ళ నొప్పుల సెలవులు తగ్గాయి.
ఇసోకిచి ఏప్రానుకి వేళ్ళు తుడుచుకుని
ఫోటోని పెద్దది చేసి చూశాడు, చాలాసేపు.
"మంచి చెక్క."
ఆగాడు.
"పాత నేల పగలగొట్టింది ఎవరు?
వాళ్ళకెన్నేళ్ళు?"

చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.
ప్రశ్న నా నోట్లోంచి జర్మన్‌లోకి వెళ్ళింది,
జవాబు కొంచెం ఆలస్యంగా వచ్చింది:
అది కాంట్రాక్టు కంపెనీ పని.
మేము అడగలేదు.

జర్మన్‌లో ఆమె "మేము" అంది, స్పష్టంగా.
జపనీసులో ఆ "మేము" లేకపోయినా వాక్యం నిలబడుతుంది.
నిలబెట్టాను.

ముసలాయన తల ఊపాడు,
తప్పు పట్టినట్టూ కాదు, ఒప్పుకున్నట్టూ కాదు,
నూనె సరిపోయిందో లేదో చూసేవాడిలా.
మరో చెంచా అందుకున్నాడు.

గేటు దగ్గర గొడుగు కిందే
ఏజెన్సీ కాగితం నింపాను.
వచ్చిన గంట, వెళ్ళిన గంట, రైలు ఖర్చు.
పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నానని
అప్పుడు గుర్తొచ్చింది కాళ్ళకి.
వయసుకి గడి లేదు.
సంతకం దగ్గర వానచుక్క పడి
నా పేరు కొంచెం పాకింది.