తొలి బుక్క

ఆరు నెలలు నిండిన తెల్లారి
ఎంజీఎంల డ్యూటీకి పోతూ స్వరూప
తలుపు కాడ ఆగి చెప్పింది:
ఉప్పు వెయ్యకు, చక్కెర వెయ్యకు,
తేనె అయితే అస్సలే నాకియ్యకు.
నాలుగో మాట సగం మెట్ల మీంచి:
ఆ ఏనుగును ఉతుకు, వాసనొత్తాంది.

నేను కాజీపేట షెడ్డు మనిషిని.
ఇంజన్ల పొట్ట విప్పి కట్టిన చేతులు,
గోర్ల సందులల్ల డీజిల్ నలుపు.
కుంకుడు పులుసుతోని మోచేతుల దాకా రుద్దుకున్న.
చెంచను మరిగించిన.
పక్కింటి కొమురవ్వ మొలకట్టి, ఆరబెట్టి,
గిర్నీల పట్టించిచ్చిన రాగిపిండి,
రెండు చెంచలు, గిలాసెడు నీళ్లు.
ఉండ కట్టకుండ కలుపుడు
ఇంజన్ల గాలి తీసుడు కంటె కష్టం.

మొదటి బుక్క పెదవి మీద పెట్టిన.
పూర్విక నా దిక్కు చూసింది,
బిల్లు తప్పేసిన కొట్టోని దిక్కు చూసినట్టు.
నాలుకతోని మెల్లగ బయటికి నూకింది.
గడ్డం కాడ చెంచతోని అందుకొని
మళ్ల లోపల పెట్టిన.
మళ్ల నూకింది.
ఒకటే బుక్కను ఆరు సార్లు తిన్నది.

"ఉప్పు లేని బుక్క ఉసూరుమంటది బిడ్డా,
రవ్వంత ఎయ్యి" గోడ అవతల నుంచి కొమురవ్వ.
ఎయ్యలే.
ఏసిన్నని అబద్ధం చెప్పిన.

ఇగ ఏనుగు సంగతి.
హన్మకొండ ఎగ్జిబిషన్ల
నూటయాభై రూపాయల రింగులు వొయ్యినంక
ఆటోడు జాలిపడి ఇచ్చిండు.
చప్పరించీ చప్పరించీ తొండం నల్లగైంది.
పాల వాసన, పులిసిన పెరుగు వాసన,
మంచం కింది దుమ్ము, ఇప్పుడు రాగి జావ.
తను ఊంచిన బుక్కనల్లా
దాని మూతికి రుద్దింది.
ఆ పూట లెక్కేస్తే
మా బిడ్డ కంటె ఏనుగే ఎక్కువ తిన్నది.

వానకాలం. నిండు కడుపుతోని ఉతికితే
లోపల ఆరదు, బూజు పడ్తది.
కుట్టు విప్పిన.
దూది అనుకున్న. కాదు,
స్పంజి ముక్కలు, రంగు గుడ్డ పేలికలు,
ఒక సిగరెట్ డబ్బ వెండి కాయితం.
ఇన్ని రాత్రులు గుండెలకు అద్దుకొని
పన్నది దీన్నేనా.
అన్నీ పారేసిన.
తోలును నురుగుల ముంచి
ఇంజన్ లెక్క కాదు,
చంటిదాని తల లెక్క రుద్దిన.
నాలుగో నీళ్లల్ల అసలు రంగు తేలింది,
వానకు ముందటి మబ్బు రంగు.
డాబా మీది తీగెకు
రెండు చెవులకు రెండు క్లిప్పులు పెట్టిన.

పగటీలి పూట పూర్విక నోరు తెరువలే.
చాప మీద తడిమింది, నా ఒళ్లె తడిమింది.
దొరకలే. ఏడ్వలే సుత.
తాళమేసిన గోదాం లెక్క
పెదవులు మూసుకొని కూసున్నది.
విమానమొచ్చిందన్న, రైలొచ్చిందన్న.
నిజంగనే స్టేషన్ దిక్కు నుంచి కూత వినొచ్చింది.
దానికీ తెరువలే.

గిన్నె ఒక చేతిల, బిడ్డ ఒక చంకల,
డాబా ఎక్కి తీగె కింద కూసున్నం.
తొండం కొసన నీళ్లు కూడి, కొంచెం ఆగి,
ఒక చుక్క తన ముక్కు మీద పడ్డది.
తలెత్తింది. గుర్తువట్టింది,
కడుపు లేకున్నా, రంగు మారినా,
వాసన పోయినా.
ఇంకో చుక్క కోసం నోరు తెరిచింది.

అప్పుడే చెంచ పెట్టిన.
మోసమే.
గుటుక్కుమన్నది గొంతు, గింతంత,
షెడ్డుల పన్నెండేండ్లల్ల వినని చప్పుడు.

ఎనుమాముల మార్కెట్ల హమాలి, కొమురవ్వ కొడుకు,
పోయినేటి పత్తి సంచెడు తెచ్చిచ్చిండు.
ముసలమ్మ గింజలు తీసింది, నేను కూరి కుట్టిన.
డ్యూటీ దిగొచ్చిన స్వరూప
కుట్లు వేలుతోని తడిమి చూసి
"నట్లు బిగించినవా" అన్నది.

తెల్లారి, పొట్ట ఉబ్బిన ఏనుగు పక్కన,
పూర్విక మొదటి చెంచను గుప్పిట్ల పట్టి
ఆలోచించి
తొండానికి రుద్దింది.
స్వరూప నా దిక్కు చూసింది.
నేను కుంకుడుకాయల డబ్బ దిక్కు చూసిన.
పదకొండు ఉన్నయి.